ఎండ్రకాయల మీద కేసు

(నీళ్లూ వాడలూ: ఆరో భాగం)



2019 జూలై 2 రాత్రి. మహారాష్ట్రలోని కొంకణ్ ప్రాంతం, రత్నగిరి జిల్లా, చిప్లూన్ తాలూకా. తివరే అనే ఊరి దగ్గర ఒక చిన్న మట్టి డ్యామ్ తెగింది. దాని కింద భెండ్‌వాడి అని ఒక వాడ. మరాఠీలో వాడి అంటే మన వాడే. జనం అన్నాలు తిని నడుం వాల్చే వేళకు నీళ్లు వచ్చి ఇళ్లకు ఇళ్లను ఊడ్చుకుపోయాయి. చచ్చిపోయినవాళ్లు, శవం కూడా దొరకనివాళ్లు కలిపి ఇరవై మంది దాకా. కట్టలోంచి నీళ్లు కారుతున్నాయని ఊరివాళ్లు అంతకుముందే ఫిర్యాదు చేశారు. వానలకు ముందు పైపైన మట్టి పోసి మమ అనిపించారు.

మరి నేరం ఎవరిది? కాంట్రాక్టరుదా? ఇంజనీరుదా? బిల్లు పాస్ చేసినవాడిదా? ఫిర్యాదు కాగితాన్ని ఫైలు కింద పెట్టినవాడిదా?

రాష్ట్ర జల సంరక్షణ మంత్రి తానాజీ సావంత్ నాలుగు రోజులు తిరక్కుండానే నేరస్తుల్ని పట్టేశాడు. పీతలు. మా దిక్కు ఎండ్రకాయలు అంటాం. అవి కట్టకు బొక్కలు పెట్టాయట, అందుకే కట్ట తెగిందట. ప్రతిపక్షం వాళ్లు బతికున్న పీతల్ని పట్టుకొని పోలీస్ స్టేషన్‌కు పోయారు, ఇవిగో ముద్దాయిలు, అరెస్టు చేయండి అని. దేశమంతా ఒక రోజు నవ్వింది. తర్వాత మర్చిపోయింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ మంత్రి అబద్ధం చెప్పాడని నేను అనుకోవడం లేదు. ఆయన మన దేశంలో మట్టి కట్టల మీద అమల్లో ఉన్న న్యాయసూత్రాన్ని కాస్త ఎక్కువ నిజాయితీగా బయటపెట్టాడు, అంతే. ఆ సూత్రం ఇది: కట్ట తెగితే నేరం ఎప్పుడూ నోరు లేనివాటిదే. ఎండ్రకాయది, ఎలుకది, వానది, అమ్మవారిది. నోరున్న మనిషి ఎవడూ అందులో ఉండడు.

ఈ భాగంలో నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. కట్ట నిండితే లాభపడేవాళ్లు వేరు, తెగితే చచ్చేవాళ్లు వేరు. లాభపడేవాళ్ల చేతిలో ఓటు ఉంది, తాళం ఉంది, చట్టం ఉంది. చచ్చేవాళ్ల చేతిలో ఏమీ లేదు. ఈ తేడా పోనంతకాలం ప్రతి చిన్న మట్టి కట్టా జరగబోయే నేరమే.

*

ముందు సాంకేతిక విషయం మాట్లాడుకుందాం. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. మీ చదువు మన వాడలకు అక్కరకొచ్చేది ఇక్కడే.

మట్టి కట్ట ప్రధానంగా మూడు రకాలుగా తెగుతుంది. ఒకటి, అలుగు చాలక నీళ్లు కట్ట మీంచి పొర్లుతాయి. సిమెంటు డ్యామ్ మీంచి కాసేపు నీళ్లు పొర్లినా నిలబడొచ్చు. మట్టి కట్ట నిలబడదు. పైనుంచి కిందికి కోసుకుపోతుంది. రెండు, బుంగ. కట్ట లోపలి నుంచి, తూము పక్క నుంచి నీళ్లు సన్నగా దారి చేసుకుంటాయి, ఆ దారిలో మట్టి రేణువుల్ని పట్టుకుపోతాయి, చేతివేలంత సందు పొద్దు తిరిగేలోపు మనిషి దూరే సొరంగం అవుతుంది. మూడు, నానిపోయిన కట్ట వాలు వాలుగా జారిపోతుంది.

ఈ మూడింటిలో ఏదీ మాయ కాదు. కట్ట దాదాపు ఎప్పుడూ చెప్పే తెగుతుంది. కట్ట కింది పాదం దగ్గర ఎండాకాలం కూడా తడి ఆరని జాగా ఉంటుంది. అక్కడ మాత్రమే పచ్చగా తుంగ మొలుస్తుంది. కట్ట మీద నిలువునా కాకుండా పొడుగునా నెర్రె పడుతుంది. ఊటనీళ్లు తేటగా ఉన్నంతసేపు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. అవే నీళ్లు ఎర్రగా, బురదగా మారాయంటే కట్ట లోపలి మట్టి బయటికి పోతోందని అర్థం. అప్పుడిక గంటల లెక్కే.

అమెరికాలో ఐడహో రాష్ట్రంలో టీటన్ డ్యామ్ అని ఉండేది. చిన్నది కాదు, కొత్తగా కట్టిన పెద్ద మట్టి డ్యామ్. 1976 జూన్ 5న పొద్దున ఊట బురదగా మారింది. మధ్యాహ్నం కల్లా డ్యామ్ లేదు. 11 మంది చనిపోయారు. కింద వేలాది మంది ఉన్నా అంతమందే పోయారంటే ఆ పొద్దుటి కొన్ని గంటల్లో కింది ఊళ్లకు కబురు చేరింది కాబట్టి. పట్టపగలు తెగింది కాబట్టి.

ఎండ్రకాయల సంగతి కూడా చెప్పేస్తాను. అవి కట్టకు బొక్కలు పెట్టే మాట నిజమే. ఎలుకలూ పెడతాయి, చెదలూ పెడతాయి. కట్ట మీద పెరిగిన తుమ్మచెట్టు చచ్చి, వేరు కుళ్లితే అదీ ఒక గొట్టమే. అమెరికా విపత్తుల సంస్థ మట్టి డ్యామ్‌లకు జంతువుల వల్ల వచ్చే నష్టం మీద ఏకంగా ఒక మాన్యువల్ అచ్చేసింది. అంటే బొక్కలు చూసుకోవడం, పూడ్చుకోవడం డ్యామ్ నడిపేవాడి రోజువారీ పని. జీతం తీసుకునేది ఆ పనికే. పంట చేనులో పంది పడితే కాపలావాణ్ణి అడుగుతారు. కట్టలో ఎండ్రకాయ పడితే ఎండ్రకాయనే అడుగుతారా?

*

ఇక మన దగ్గరికి వద్దాం.

2021 నవంబర్ 19 తెల్లవారుజాము. అప్పటి కడప జిల్లా, రాజంపేట మండలం, చెయ్యేరు నది. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు కింద అన్నమయ్య ప్రాజెక్టు మీద పడ్డాయి. అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్ల మీద నది నడిచింది. ముప్పై మందికి పైగా పోయారు. మందపల్లిలో కార్తీక పూజలకు శివాలయం చేరినవాళ్లు, పూజారి ఇంటివాళ్లు కూడా కొట్టుకుపోయారు. ఆ సంగతి దాచాల్సిన అవసరం నాకు లేదు. దాని మీద కాసేపట్లో మాట్లాడతాను.

కారణం ఏం చెప్పారు? వాన. స్పిల్‌వే రెండు లక్షల పైచిలుకు క్యూసెక్కులకు కడితే మూడు లక్షలు దాటి వచ్చిందన్నారు. నిజమే, వచ్చింది. కానీ అయిదు గేట్లలో ఒకటి పని చేయని స్థితిలో ఉందన్న సంగతి ఏమైంది? కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ రాజ్యసభలోనే ఆ గేటు సంగతి ఎత్తి, తప్పు రాష్ట్రానిదని అన్నాడు. రాష్ట్రం కాదంది. ఢిల్లీ, అమరావతి ఒకరి మీద ఒకరు గేటు వేసుకున్నారు. ఇసుక మేటల కింద ఇల్లు వెతుక్కునే మనిషి మధ్యలో నిలబడ్డాడు.

2024 జూలై 18. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, అశ్వారావుపేట మండలం, గుమ్మడవల్లి. పెద్దవాగు ప్రాజెక్టు మట్టి కట్టకు గండి పడింది. గేట్లు వేళకు ఎత్తలేదని రైతులు మొత్తుకున్నారు. కట్ట తెలంగాణలో ఉంది. ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది. నీళ్లు పోయి పడింది ఆంధ్రలోని వేలేరుపాడు మండలం మీద. ఆ మండలం 2014 దాకా తెలంగాణదే. పోలవరం ముంపు పేరు మీద అటు కలిపారు. అంటే ఆ జనం ఒక డ్యామ్ కోసం రాష్ట్రం మారారు, ఇంకో డ్యామ్ తెగి ఊరు పోగొట్టుకున్నారు. పశువులు పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. మరమ్మతు ఎవరు చేయాలి అంటే రెండు రాష్ట్రాలూ గోదావరి బోర్డు వైపు చూశాయి.

తివరేలో ఎండ్రకాయ. చెయ్యేరులో వాన. పెద్దవాగులో సరిహద్దు గీత. ముద్దాయిల పేర్లు మారాయి, తీర్పు మారలేదు.

ఇది కొత్త అలవాటు కూడా కాదు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం గురించి తెలుగు విద్యార్థులందరూ పరీక్షల కోసం చదివే ఉంటారు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి కావాలని దేవత మాట వినిపిస్తుంది. ఆమె వెళ్లి గండిలో నిలబడుతుంది. మనకు దాన్ని త్యాగం అని నేర్పారు. నేను అడిగేది ఒక్కటే ప్రశ్న. ఆ చెరువుకు అలుగు ఎంత ఉండేది? కట్ట మీద ఆఖరుసారి మట్టి ఎప్పుడు పోశారు? ఆ ప్రశ్న అడగాల్సి వస్తే ఊరి పెద్దలు జవాబు చెప్పాలి. అమ్మవారిని అడిగితే కోడలు చస్తే సరిపోతుంది. ఒక ఆడమనిషిని చంపి గుడి కట్టడం ఒక మరమ్మతు పద్ధతి. ఇవాళ దాని పేరు ఎక్స్‌గ్రేషియా.

*

"నీటికి కులం ఉంటుందా అన్నా? పూజారి ఇంటివాళ్లు కూడా పోయారు కదా. అన్నిట్లోకీ కులాన్ని లాగుతావేం?" అని అడిగే మిత్రులు ఉంటారు. అడగండి, తప్పు లేదు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు మన పెద్దలు. మొదటి సగం నూటికి నూరు పాళ్లు నిజం. నీటికి కులం తెలియదు, పల్లమే తెలుసు. మరి ఆ పల్లంలో ఎవరిని పెట్టాలో ఎవరికి తెలుసు? ఆ నిజం దేవుడి దాకా పోనక్కర్లేదు, ఊరి పటం చూస్తే చాలు. మెరక మీద ఊరు, పల్లంలో వాడ. చాలా ఊళ్లలో ఇదే పటం. తర్వాత ప్రభుత్వం వచ్చింది. పేదలకు ఇళ్ల స్థలాలు ఇచ్చింది. ఎక్కడ ఇచ్చింది? ఎవరూ కొనని చోట. కట్ట వెనక తడి నేలలో, వాగు ఒడ్డు పోరంబోకులో, వర్రె పక్కన. పట్టా కాగితం మీద సర్వే నంబరు ఉంటుంది. ఆ సర్వే నంబరు చెరువు అలుగు కంటే ఎన్ని అడుగులు కింద ఉందో ఏ పట్టా మీదా ఉండదు.

నది పొంగితే గుడిలో ఉన్నవాడూ పోతాడు. అది దుర్ఘటన. కానీ ఒక జాతి మొత్తాన్ని తరతరాలుగా నీళ్ల దారిలో కాపురం పెట్టించడం దుర్ఘటన కాదు. దాని వెనక ఒక నిర్ణయం ఉంది.

ఇంకో ప్రశ్న వస్తుంది, ముఖ్యంగా టీవీ స్టూడియోల నుంచి. "కట్ట కింద ఇళ్లు ఎందుకు కట్టుకున్నారు?" ఈ ప్రశ్నకు నేను అమెరికా నుంచి జవాబు తెస్తాను, మనవాళ్లకు అమెరికా మాటంటే గురి కదా.

1948లో ఓక్లహోమా రాష్ట్రంలో క్లౌడ్ క్రీక్ అనే వాగు మీద అక్కడి వ్యవసాయ శాఖ ఒక చిన్న మట్టి డ్యామ్ కట్టింది. వరదను ఆపి మెల్లగా వదలడానికి. తర్వాత అలాంటివి దేశమంతా పదకొండు వేలకు పైగా కట్టారు. ఎక్కువ భాగం పల్లెల్లో, పొలాల మధ్య. కింద పంట తప్ప మనిషి లేడు కాబట్టి చాలావాటిని తక్కువ ప్రమాదం ఉన్న కట్టలుగా లెక్కేశారు. చాలావాటి ఆయుష్షు యాభై ఏళ్లు అనుకున్నారు. కాలం గడిచింది, కింద ఇళ్లు వెలిశాయి. అప్పుడు ఏం చేశారు? కట్ట అంగుళం కూడా పెరగకపోయినా దాని ప్రమాద తరగతిని పైకి మార్చారు. తెగితే మనుషులు చస్తారా అన్నదే అక్కడ కొలత. చస్తారంటే అది అత్యధిక ప్రమాదం ఉన్న డ్యామ్, ఎత్తు ఎంతైనా సరే. అన్నిటికీ మరమ్మతులు చేశారని కాదు, అక్కడా డబ్బుల దగ్గర నత్తనడకే. కానీ కొలబద్ద మనిషి. ఇల్లు ఎందుకు కట్టుకున్నావని కింది మనిషిని నిలదీయడం కాదు, నీ కింద మనిషి ఉన్నాడు చూసుకో అని కట్టను నిలదీయడం.

*

మన కొలబద్ద ఏమిటో ఇప్పుడు చూడండి.

తివరే తెగింది 2019 జూలై 2న. సరిగ్గా నెలకు, ఆగస్టు 2న, డ్యామ్ భద్రతా బిల్లు లోక్‌సభలో పాసైంది. తర్వాత రెండేళ్లకు పైగా కదల్లేదు. అన్నమయ్య తెగింది 2021 నవంబర్ 19న. రెండు వారాలకు, డిసెంబర్ 2న, రాజ్యసభలో పాసైంది. ఈ రెండు కట్టలే ఆ బిల్లును నెట్టాయని నేను అనను. కానీ ఆ తేదీల పక్కన ఆ శవాలు ఉన్నాయి.

అంతా అయ్యాక చట్టం ఎవరికి వర్తిస్తుంది? 15 మీటర్ల కంటే ఎత్తున్న డ్యామ్‌లకు. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కట్ట పొడవు 500 మీటర్లు ఉండాలి, లేదా 10 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు పట్టాలి, లేదా ఇంకో రెండు మూడు షరతుల్లో ఏదో ఒకటి ఉండాలి. 10 మీటర్ల లోపు కట్ట ఈ చట్టం కంటికి కట్టే కాదు. దాని కింద వంద గడపలున్నా సరే, ఎమర్జెన్సీ ప్లాన్ అక్కర్లేదు, ముంపు పటం అక్కర్లేదు.

మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తెలంగాణలో లెక్కపెట్టిన చెరువులు, కుంటలు 46,531. వాటిలో 10 మీటర్లు దాటిన కట్టలు ఎన్నుంటాయి? మిగతావన్నీ చట్టం బయటే. మనం చట్టం బయట ఉండటం అలవాటైన జనమే. ఊరి బయట, బావి బయట, గుడి బయట. ఇప్పుడు డ్యామ్ భద్రత బయట.

*

ఇప్పుడు అసలు గుట్టు దగ్గరికి వస్తున్నాను. తాళం ఎవరి చేతిలో ఉంది?

మట్టి కట్టకు రెండు పనులు చెప్తాం. నీళ్లు నిలపడం, వరదను ఆపడం. ఈ రెండు పనులకూ పడదు. వరదను ఆపాలంటే కట్ట వెనక ఖాళీ ఉండాలి. సాగుకు కావాలంటే కట్ట నిండుగా ఉండాలి. ఆయకట్టు ఉన్న రైతు అలుగు దాకా నిండాలని కోరుకుంటాడు, అవసరమైతే అలుగు మీద ఇసుక బస్తాలు వేసి ఇంకో అడుగు నిలుపుకుంటాడు. అది అతని పంట, అతని ఆశ, నేను తప్పుపట్టను. కట్ట కింద పడుకునే కూలీ మాత్రం ఆ ఒక్క అడుగు ఖాళీ ఉంటే చాలు, పిల్లలతో కంటినిండా నిద్రపోవచ్చు అనుకుంటాడు. నిండిన ప్రతి అడుగూ ఒకరికి పంట, ఇంకొకరికి గండం. అందుకే గేటు ఎప్పుడు ఎత్తాలన్నది ఇంజనీరింగ్ ప్రశ్న కంటే ముందు రాజకీయ ప్రశ్న.

ఆ ప్రశ్న తేల్చడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతుల భాగస్వామ్యం పేరు మీద చట్టం చేసింది. నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. ప్రజాస్వామ్యం అన్నారు. ఆ సంఘంలో ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవాడికి, కౌలుకు చేసేవాడికి. మిగతా నీళ్లు వాడుకునేవాళ్లు సభ్యులు కావచ్చు గానీ ఓటు లేదు. ఇక కట్ట కింద ఇల్లుండి, ఆయకట్టులో సెంటు భూమి లేని మనిషి సంగతి? అతను నీళ్లు వాడుకునేవాడే కాదు కదా. నీళ్లు అతన్ని వాడుకుంటాయి, ఒక్కసారే, రాత్రిపూట.

మన జనంలో భూమి లేనివాళ్లే ఎక్కువ. అంటే ఎకరానికి ఓటుంది, ప్రాణానికి లేదు. ఒక మనిషికి ఒక ఓటు వచ్చినా ఒకే విలువ రాని దేశం గురించి బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. మన చెరువు కట్ట దగ్గర ఓటు కూడా రాలేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. 1927లో అమెరికాలో మిసిసిపీ నది పొంగింది. గ్రీన్‌విల్ దగ్గర నల్లజాతి కూలీలను తుపాకుల కాపలాలో కరకట్ట మీదే ఉంచి పని చేయించారు, పడవలు వచ్చినా పోనివ్వలేదు. న్యూ ఆర్లీన్స్ నగరాన్ని కాపాడాలని ఏప్రిల్ 29న కార్నార్వన్ దగ్గర కరకట్టను డైనమైట్ పెట్టి పేల్చి, కింది పేదల ఊళ్లను ముంచారు. ఆ నిర్ణయం వెనక ఉన్నది నగరంలోని బ్యాంకర్లు. వరద నియంత్రణ అంటే చాలాసార్లు వరద ఆగిపోవడం కాదు, వరద చిరునామా మారడం.

అదే 1927, మార్చి 20. కొంకణ్ నేల మీదే మహాడ్‌లో చెరువు నీళ్లు ముట్టుకున్నందుకు మనవాళ్ల తలలు పగలగొట్టారు. తాగబోతే అంటు వచ్చిన నీళ్లకు ముంచేటప్పుడు అంటు రాదు.

*

కొందరు పర్యావరణ మిత్రులు వెంటనే పాతకాలం బాగుండేదంటారు. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు, ఊరుమ్మడి నిర్వహణ, నీరటి వ్యవస్థ అంటూ కళ్లు మూసుకుంటారు. గొలుసుకట్టు గొప్ప ఇంజనీరింగే. పై చెరువు అలుగు నీళ్లు కింది చెరువు పట్టుకుంటుంది, వరద మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ మెట్లను కాచింది ఎవరు?

తెలంగాణలో నీరటి, సీమలో నీరుగంటి. చాలా ఊళ్లలో ఆ పని మాలలది, మాదిగలది. తూము తీసేది, మూసేది అతనే. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారించాలో అతనికే తెలుసు. తుపాను రాత్రి గొంగడి కప్పుకొని, కందిలి పట్టుకొని కట్ట మీద తిరిగేది అతనే. బుంగను చెవితో పట్టేవాడు. ఊరంతటి మళ్లకు నీళ్లు పారించినవాడికి చాలా చోట్ల సొంత మడి లేదు. ఉంటే చిన్న ఇనాం ముక్క. కల్లం దగ్గర చేయి చాచి నిలబడితే పెట్టే నాలుగు మానికల గింజలు. గండి పడితే మొదటి తిట్టు అతనికి, మొదటి దెబ్బ అతనికి. ఆ వ్యవస్థను తిరిగి తెమ్మని నేను అడగను. మన తాతలు చేసిన వెట్టికి వారసత్వం అని పేరు పెడితే ఒప్పుకోను.

నేను చెప్పేది వేరు. ఆ పనిని పెత్తనం తీసుకున్న ప్రభుత్వం ఏం చేసింది? నీరటి జ్ఞానాన్ని ఉద్యోగంగా మార్చాలి కదా. లష్కర్ పోస్టు పెట్టి, జీతం, టార్చి, ఫోను, బీమా ఇచ్చి, ఏ కులం వాడైనా చేసే గౌరవమైన పనిగా నిలపాలి కదా. గ్రామ సేవకుడు అంది, వీఆర్‌ఏ అంది, 2023లో తెలంగాణలో వాళ్లను వేరే శాఖల్లో సర్దేసింది. మెషీన్లతో పూడిక తీయడానికి టెండర్లు ఉంటాయి. కట్ట మీద రాత్రి నడిచే మనిషికి టెండరు ఉండదు, కమిషన్ రాదు కాబట్టి.

మరి కట్ట కింద ఇప్పటికీ ఉన్న మన వాళ్లకు తడి ఎక్కడుందో తెలుసు. వాడ ఆడవాళ్లకు ఇంకా బాగా తెలుసు, రోజూ ఆ పాదం దగ్గరే గడ్డి కోస్తారు కాబట్టి. తివరేలో ఊరివాళ్లు చెప్పారు. వాళ్ల మాటకు విలువ ఎందుకు లేదు? డేటా కాదు కాబట్టి. మీటరు చెప్తే డేటా, మాదిగామె చెప్తే గొడవ.

*

చివరికి ఒక స్పష్టత. నేను డ్యామ్‌లకు వ్యతిరేకిని కాను. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు నీటిపారుదల, విద్యుత్తు కూడా ఆయన చేతిలోనే ఉన్నాయి. 1943 దామోదర్ వరద తర్వాత 1945 జనవరిలో కలకత్తాలో సమావేశం పెట్టి బహుళార్థ ప్రణాళిక వైపు నడిపించారు. అదే ఏడాది నవంబర్‌లో కటక్‌లో ఒరిస్సా నదుల మీద మాట్లాడుతూ వరద నీళ్లను సముద్రంలోకి తోసేసే ఆలోచన తప్పని, నిలిపి వాడుకోవాలని వాదించారు. నీళ్లు ఎక్కువయ్యాయని బాధపడే బుద్ధిని మార్చారు. ఆయన పూర్వీకుల ఊరు అంబడవే ఉన్నది ఏ జిల్లాలోనో తెలుసా? రత్నగిరి. తివరే ఉన్న జిల్లాయే. ఆయన కోరింది పేదల బతుకు మార్చే కట్టలు. వాళ్లిచ్చింది ఎండ్రకాయల కట్టలు.

కాబట్టి కట్టలు కూల్చమని అడగడం లేదు. నాలుగు అడుగుతున్నాం.

ఒకటి. డ్యామ్ భద్రతకు కొలత ఎత్తు కాదు, కింద ఉన్న గడపలు. ఒక్క ఇల్లు ముంపులో ఉన్నా ఆ కట్ట చట్టం లోపలికి రావాలి.

రెండు. కట్ట కింద కాపురం ఉండేవాళ్లకు, భూమి ఉన్నా లేకపోయినా, సాగునీటి సంఘంలో ఓటు కావాలి. గేటు ఎత్తే నిర్ణయంలో వాడ నుంచి ఒక సంతకం ఉండాలి.

మూడు. ప్రతి కట్టకు పూర్తికాలం లష్కర్. వాడ నుంచి ఊట మీద ఫిర్యాదు వస్తే రసీదు ఇవ్వాలి, 24 గంటల్లో ఇంజనీరు వచ్చి రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. తర్వాత కట్ట తెగితే ఆ రసీదే సాక్ష్యం.

నాలుగు. తెగితే నీళ్లు ఎంతసేపట్లో ఎక్కడి దాకా వస్తాయో చూపించే పటం తెలుగులో వాడ గోడ మీద ఉండాలి. సైరన్ ఉండాలి. ఎటు పరిగెత్తాలో పిల్లలకు కూడా తెలియాలి. ఇళ్లు మార్చాల్సి వస్తే మెరక మీద, ఊరిలో, మా ఒప్పుకోలుతో. ఇంకో పల్లానికి కాదు.

అప్పటిదాకా మన పని మనం చేద్దాం. ఈ వానాకాలం ప్రతి హాస్టల్ నుంచి నలుగురు తమ ఊరి కట్ట మీద ఒకసారి నడవండి. పాదం దగ్గర తడి చూడండి, నీళ్ల రంగు చూడండి, తూము పక్క చూడండి, అలుగుకు ఎవరైనా అడ్డం కట్టారేమో చూడండి. ఫొటో తీసి తేదీ వేయండి. గడ్డి కోసే అమ్మలను అడిగి వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. కట్టకు ఆఖరి తనిఖీ ఎప్పుడు, గేట్లకు గ్రీజు ఎప్పుడు, నిర్వహణకు ఎంత ఖర్చు పెట్టారు అని సమాచార హక్కు కింద దరఖాస్తు వేయండి. జవాబు రాకపోతే అదీ రాసిపెట్టుకోండి.

ఎందుకంటే రేపు ఎక్కడో ఒక కట్ట తెగుతుంది. మైకు ముందుకు ఎవడో ఒకడు ఎండ్రకాయను పట్టుకొస్తాడు. ఆ రోజు మన దగ్గర ఆ ఫొటో, ఆ రసీదు, ఆ అమ్మ చెప్పిన మాట ఉండాలి. నోరు లేనివాటి మీద కేసు పెట్టే ఈ దేశంలో నోరున్నవాడి పేరు ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కాలంటే ముందు మనం రాయాలి.

వచ్చే వారం ఏడో భాగం: ఇసుక మేట వేసిన అసైన్డ్ భూమికి నష్టపరిహారం ఎందుకు రాదు?

జై భీమ్.